పరగడుపున తీసిన రక్తం

పొద్దున్నే ల్యాబ్ తలుపు తీసి స్పిరిట్ సీసా మూత తిప్పినప్పుడు వచ్చే ఘాటు వాసన చాలామందికి గిట్టదు. సూది గుర్తొస్తుంది కాబోలు. నాకు మాత్రం సుభద్ర మేడం గుర్తొస్తారు. మార్కాపురంలో రక్తపరీక్షల ల్యాబ్ పెట్టుకుని ఇన్నేళ్ళయినా, మొదటి దూది తడిపేటప్పుడు ఆమె పక్కన నిలబడి నా చేతులకేసి చూస్తున్నట్టే ఉంటుంది. పొగడడం ఆమెకు చేతకాదు. పని బాగా చేస్తే ఏమీ అనేవారు కాదు, పొరపాటు చేస్తే చెయ్యి పట్టుకుని ఆపేవారు. ఏమీ అనని రోజు నేను ఇంటికి హుషారుగా వెళ్ళేదాన్ని.

ఆమె డాక్టరు కాదు, శాస్త్రవేత్త. ఈ సంగతి ఊళ్ళవాళ్ళకు చెప్పి చెప్పి నాకు విసుగొచ్చేది. వాళ్ళకు తెల్లకోటు వేసుకున్న ప్రతి ఆడమనిషీ డాక్టరమ్మే. గిద్దలూరు దగ్గర పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టారు. హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో చేరి, తిన్న తిండిని ఒళ్ళు ఎట్లా వాడుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది, ఎప్పుడు చేతులెత్తేస్తుంది అన్నదాని మీదే జీవితమంతా పనిచేశారు. సుగరు కూర్చుని తినేవాళ్ళ జబ్బని అందరూ అనుకుంటుంటే, ఆమె బుర్రను తొలిచిన ప్రశ్న వేరు. బక్కచిక్కి, పొద్దస్తమానం పలకల గనుల్లోనూ మెట్టచేలల్లోనూ కష్టపడే మా పక్క మనుషులకు ఈ జబ్బు ఎందుకొస్తోంది? కరువు ఏళ్ళలో తల్లి కడుపున పడ్డవాళ్ళ ఒళ్ళు తక్కువ తిండికే అలవాటుపడి, ఆ తర్వాత రెండు పూటలా అన్నం దొరికితే తట్టుకోలేకపోతోందేమోనని ఆమె అనుమానం. దాన్ని తేల్చుకోవడానికే మళ్ళీ ఈ పక్కకు వచ్చారు.

అప్పటికి నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, నాయన కిరాణా దుకాణంలో పొట్లాలు కడుతూ ఉన్నాను. ఎవరో చెబితే ఆమె దిగిన ఇంటికి వెళ్ళాను. మార్కులు అడగలేదు, సర్టిఫికెట్లు తిప్పి చూడలేదు. చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపి, రక్తం తియ్యమన్నారు. రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. నాకు చెమటలు పట్టాయి.

"మూడోసారి దొరుకుతాది. గుచ్చించుకునేదాన్ని నేనే భయపడలేదు, నీకెందుకు భయం?" అన్నారు.

దొరికింది. మరుసటి రోజు నుంచి జీపులో ఆమె పక్కన నా చోటు ఖాయమైంది.

దొనకొండ, పెద్దారవీడు, పుల్లలచెరువు మండలాల్లో మేము తిరగని పల్లె తక్కువ. ముందు రోజు చాటింపు వేయించి, పొద్దున ఏడింటికల్లా బడి వరండాలో బల్ల వేసుకునేవాళ్ళం. బల్ల దగ్గర రక్తం తీస్తూ నేను, అవతలి కొసన బరువు, ఎత్తు కొలుస్తూ మేడం. పరీక్షకు పరగడుపు రక్తం కావాలి. కూర్చున్న ప్రతివాళ్ళనూ ఏమని అడగాలో మేడం నాకు బడిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. నిద్ర లేచినప్పటి నుంచి నీళ్ళు తప్ప ఇంకేమన్నా నోట్లో పడిందా అని అడగాలి, జవాబు విని రాసుకోవాలి. మొదట్లో అట్లాగే అడిగాను. కానీ వరసలో ఉన్నవాళ్ళకు చేలకు పోయే తొందర. నాకూ ఎండెక్కకముందే ముగించాలనే తొందర. నెల తిరిగేసరికి ఆ ప్రశ్న నా నోట్లో "ఏమన్నా తిన్నారా?" అని రెండు మాటలకు కుదించుకుపోయింది. లేదనేవాళ్ళు. లేదని రాసేదాన్ని. రక్తంలో చక్కెర హద్దు దాటినవాళ్ళకు, ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ చూపించుకోమని చీటీ ఇచ్చేవాళ్ళం.

రెండేళ్ళకు లెక్కలు తేలాయి. మేడం అనుమానించినదానికంటే ఎక్కువగానే సన్నటి మనుషుల్లో సుగరు కనబడింది. వ్యాసం సిద్ధమైంది. విదేశంలో జరిగే పెద్ద సభలో మాట్లాడమని పిలుపు వచ్చింది. ఏళ్ళుగా ఆగిన పదోన్నతి ఈసారి తప్పకుండా వస్తుందని అందరూ అనేవారు. ఆమె నవ్వడం నేను ఎక్కువగా చూసింది ఆ నెలల్లోనే.

వ్యాసం పంపడానికి ముందు, కొందరి రక్తం ఇంకోసారి తీద్దామని పెద్దారవీడు దగ్గర పల్లెకు వెళ్ళాం. సాయంత్రం జీపు మొరాయిస్తే, లక్ష్మమ్మ అనే రైతు ఇల్లాలి ఇంట్లో ఉండిపోయాం. తెల్లవారగానే ఆమె మూడు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, మూడోది తను తాగడం మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో టీ అంటే తెలిసిందే, చెంచా నిలబడేంత చక్కెర. ఈ రోజు నువ్వు కూడా రక్తం ఇవ్వాలి కదా, పరగడుపున రమ్మన్నాం కదా అని మేడం అడిగారు.

"పరగడుపే గదమ్మా, ఇంకా ఏం తినలేదు," అంది లక్ష్మమ్మ. "టీ తాగితే తిన్నట్టా ఏంది? ఒక్కపొద్దు ఉన్ననాడు గూడా తాగుతాం గదా. పోయినసారి గూడా తాగే వచ్చినాం అందరం."

మేడం గ్లాసు కింద పెట్టి నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. నాకు తెలియని ఆచారం కాదు. శనివారం ఒక్కపొద్దు ఉండి మధ్యాహ్నం లోపల రెండు టీలు తాగే ఇంట్లో పుట్టినదాన్ని. మేడం చెప్పిన ప్రశ్న చెప్పినట్టు అడిగి ఉంటే, టీ తాగామని వాళ్ళే చెప్పేవాళ్ళు. తిన్నారా అని అడిగాను, తినలేదని నిజమే చెప్పారు.

తిరుగు దారిలో జీపులో, సిగ్గు విడిచి ఒక మాట అన్నాను. లక్ష్మమ్మ చెప్పింది కాబట్టి గానీ, ఇది ఎవరికి తెలుస్తుంది మేడం అని. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే రోత.

"తెలవకపోతే ఆ చక్కెర రక్తంలోకి పోకుండా ఉంటాదా పద్మా?" అన్నారు. కోపంగా కాదు. అలసిపోయిన మనిషి గొంతుతో.

ఆ వారమే వ్యాసం ఆపేశారు. సభకు రాలేనని రాశారు. సంస్థకు రాసిన ఉత్తరాన్ని నాకు చూపించారు. అందులో నా పేరు ఎక్కడా లేదు, లోపమంతా తనదేనని ఉంది. తప్పు నాదైతే మీరెందుకు మోస్తారని ఏడ్చాను. తను గిద్దలూరు పక్క మనిషి కాదా, తన తల్లి ఒక్కపొద్దు నాడు టీ తాగడం చూడలేదా అన్నారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నా పక్కన కూర్చుని నేనేం అడుగుతున్నానో వినలేదు కదా, అది తన తప్పని అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్న మాటలు కావవి. నిజంగానే అట్లా అనుకున్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆమె అసలు దిగులు వ్యాసం గురించి కాదని తర్వాత తెలిసింది. మేమిచ్చిన చీటీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు తక్కువ. బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? చాలామంది చీటీని దేవుడి పటం వెనక పెట్టి అన్నం మానేశారు. చీటీ ఇచ్చిన ప్రతి ఇంటికీ మనమే వెళ్ళి, పొరపాటు జరిగిందని చెప్పి, మళ్ళీ పరీక్ష చెయ్యాలన్నారు. సంస్థ జీపు వెనక్కి తీసుకుంది. బస్సుల్లో, ఆటోల్లో తిరిగాం.

దొనకొండ దగ్గర ఒక రైతు వాకిట్లోనే మమ్మల్ని నిలబెట్టాడు. "ఏడాదిగా నా కూడు మాన్పించినారు. బలం లేక చేను కౌలుకిచ్చినా. ఇప్పుడొచ్చి తప్పయిందంటే ఏం చేసుకోవాల?" అన్నాడు. నేను జరిగింది వివరించబోతే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు. అవును, తప్పు మాదేనని ఒక్క మాట చెప్పి, అతను తిట్టినంతసేపూ తల వంచుకుని విన్నారు. మరుసటి రోజు పొద్దున అతనే వచ్చి చెయ్యి చాపాడు. అతనికి సుగరు లేదు. కొందరికి నిజంగానే ఉందని తేలింది, ఆ మాటా ఆమే చెప్పారు.

చివరికి తేలిన ఫలితం మొదటిదానికంటే చాలా చిన్నది. అనుమానం పూర్తిగా తప్పు కాదు, అనుకున్నంత పెద్దదీ కాదు. మామూలు పత్రికలో మామూలు వ్యాసంగా వచ్చింది. పదోన్నతి ఆమె చేతికింద నేర్చుకున్నవాళ్ళకు వచ్చింది. హైదరాబాదు వెళ్ళిపోయేటప్పుడు ఆమె బాధపడింది ఒక్క మనిషి గురించే. పుల్లలచెరువు అవతల, అడవి అంచు పల్లెలో చెన్నయ్య. చీటీ ఇచ్చాం. మూడుసార్లు వెళ్ళినా తలుపుకు తాళమే. కుటుంబమంతా వలస వెళ్ళిందన్నారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా, ఫోన్ చేస్తే ఆమె మొదట అడిగే మాట అదే. చెన్నయ్య కనబడినాడా పద్మా? లేదు మేడం. జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడూ అదే అడిగారు. నేనూ అదే చెప్పాను. ఆ వేసవి దాటకుండానే ఆమె పోయారు.

ఆమె పోయిన రెండేళ్ళకు, ఒకాయన తన భార్యకు రక్తపరీక్ష చేయించడానికి నా ల్యాబుకు వచ్చాడు. వివరాలు రాసుకుంటూ ఊరి పేరు, ఇంటాయన పేరు విని నా చెయ్యి ఆగిపోయింది. మీకు ఎప్పుడైనా బడి వరండాలో రక్తం తీశారా అని అడిగాను.

"తీసినారు. అప్పుడే గదమ్మా సుగరుందని చీటీ ఇచ్చినారు. ఆ పొద్దు నుంచి అన్నం ముట్టలే. పెద్ద కూతురు పెళ్ళిలో గూడా తినలే," అన్నాడు చెన్నయ్య. అదేదో తన నిష్ఠ అన్నట్టు, కొంచెం గర్వంగా చెప్పాడు.

మూడుసార్లు వచ్చాం, తాళం వేసి ఉంది అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ రోజు మిమ్మల్ని సరిగా అడగకుండా రక్తం తీసింది నేనే, తప్పు నాదన్నాను. రేపు పొద్దున టీ కూడా తాగకుండా, నీళ్ళు మాత్రమే తాగి రమ్మన్నాను. వచ్చాడు. పరీక్ష రెండుసార్లు చేశాను. సుగరు లేదు. కాగితం అతని ముందు పెట్టి చదివాను. మళ్ళీ చదవమన్నాడు, చదివాను. అతను కోప్పడతాడేమోనని చూశాను. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అప్పుడు నీతో ఒక పెద్దమ్మ ఉండె గదా, నా చెయ్యి నొప్పి పుట్టిందా అని అడిగింది. ఆయమ్మకు చెప్పమ్మా, చెన్నయ్యకు ఏం లేదంట అని."

అన్ని వాకిళ్ళలో తల వంచి నిజం చెప్పిన మనిషి దగ్గర పని నేర్చుకున్నదాన్ని. ఆమె ఇక లేరన్న మాట మాత్రం ఆ పూట అతనికి చెప్పలేకపోయాను. సరే, చెప్తానన్నాను. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.