షోకేసులో పెట్టిన ముఖం

2005వ సంవత్సరం, జూలై నెల. ఆబిడ్స్‌లో నేను నడిపిన కలర్ ల్యాబ్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండాయి. డిజిటల్ కెమెరాలు వచ్చినప్పటికీ ఫిల్ము రోళ్లు ఇంకా రోజూ వచ్చేవి. ఫిల్మును కడిగి ప్రింటు తీసే యంత్రాన్ని మినీల్యాబ్ అంటారు. దానిని నడిపే కుర్రవాడు యాదగిరి, పల్లె నుండి వచ్చి నా వద్దనే పని నేర్చినవాడు. బయటికి వచ్చిన ప్రతి ప్రింటునూ తెల్లని దీపం కింద పరీక్షించడం నా పని. దానిని నేను ఎవరికీ అప్పగించలేదు.

ఆ పరీక్షకు ఒక క్రమం ఉంది. మొదట చూడవలసినది ముఖం. చీర ఏ ఎరుపో, గోడ ఏ నీలమో ప్రింటు తీసేవాడికి తెలియదు. మనిషి చర్మం ఏ రంగులో ఉంటుందో మాత్రం తెలుసు. అది సరిపోతే తక్కినవన్నీ సరిపోయినట్లే. దీనిని స్కిన్ టోన్ చూడడం అంటాము. ఒక్కొక్క ప్రింటుకు రెండు క్షణాలు చాలు. ఆ ముఖం ఎవరిది, ఎందుకు నవ్వుతున్నది అన్నవి నాకు అక్కరలేని సంగతులు. అలా చూడకపోవడమే వృత్తి మర్యాద అని నమ్మేవాడిని.

మరొక ఆనవాయితీ కూడా ఉండేది. ఆ వారంలో అన్నిటికంటె బాగా వచ్చిన ప్రింటును శనివారం సాయంత్రం పెద్దది చేయించి, రోడ్డు వైపు షోకేసులో పెట్టేవాళ్లం. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గాని, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. జనమంతా మా అద్దం ముందునుంచే నడుస్తారు. ఫొటోలోని మనిషి అనుమతి అడగాలన్న ఆలోచన మాకు ఎన్నడూ రాలేదు.

ఆ శనివారం నేను ఎంచిన ప్రింటు ప్రభాకర్ రోలులోనిది. అతడు బషీర్‌బాగ్‌లో ఒక బీమా ఆఫీసు గుమాస్తా. వయస్సు ఇరవై ఎనిమిది. నేను వెళ్లే నాంపల్లి చర్చిలోనే అతడి కుటుంబమూ ఆరాధనకు వచ్చేది. అతడు క్వయర్‌లో పాడేవాడు. ఫొటోలో వాన, గొడుగులు, ఇద్దరు మనుషులు, మెడలో ఆరు రంగుల రిబ్బను. ఆరు రంగులూ, వాటి పక్కన తడిసిన చర్మమూ ఒకే కాగితం మీద సరిగ్గా రావడం ఎంత కష్టమో ఈ పని తెలిసినవారికే తెలుస్తుంది. గర్వంగా షోకేసులో పెట్టి తాళం వేశాను.

మరునాడు చర్చిలో ప్రసంగం మధ్యలో ప్రభాకర్ క్వయర్ వరుస విడిచి నా బల్ల దగ్గరికి వచ్చి వంగాడు.

"సార్, షాపు తాళంచెవి మీ దగ్గర ఉన్నదా?"

"ఆరాధన జరుగుతోంది. ముగిశాక మాట్లాడుదాం."

"ముగిసినంక లాభం లేదు సార్. షోకేసుల నా ఫొటో ఉన్నదని గిప్పుడే తెల్సింది. అందరు గా రోడ్డుకెల్లే పోతరు. ఒక్కసారి రండి, మీకు దండం పెడ్త."

ఆరాధన మధ్యలో లేచి వెళ్లడం నా జీవితంలో అదే మొదలు. ఆటోలో ఆబిడ్స్ చేరాము. షోకేసు ముందు నిలబడి, నేను పెట్టిన ఫొటోను రెండు క్షణాలకు మించి అప్పుడే చూశాను. ప్రభాకర్ గడ్డం మరొక పురుషుడి భుజం మీద ఆనించి ఉంది. ఆ రెండవ అతడి కళ్లకు కాటుక, నుదుట బొట్టు, ఒంటి మీద చీర.

"ఇది ఏ పండుగ?" అని అడిగాను.

"పండుగే సార్. కలకత్తాల ఏటేటా చేస్తరు. మగోళ్లను ఇష్టపడే మగోళ్లు, ఆడోళ్లను ఇష్టపడే ఆడోళ్లు, హిజ్రాలు, అందరు కలిసి డప్పులు కొట్టుకుంట రోడ్డు మీద నడుస్తరు. రెండేండ్ల సంది పోతున్న."

"ఫొటోలు తీయడానికా?"

"నడవనీకి."

నేను తాళం తిప్పడం ఆపివేశాను. నిక్కర్ల వయస్సు నుండి ఎరిగిన పిల్లవాడు. నేను పెరిగిన ఇంట్లో, చదివిన బడిలో ఆ మాటకు చోటు లేదు.

"సార్, ముందు తాళం తియ్యండి. తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి," అన్నాడు. తరువాత, నవ్వబోయి నవ్వలేక, "గింత పెద్దగ చేసిన్రేంది సార్. పాస్‌పోర్టు సైజు చేసినా బతికిపోదును."

ఫొటో తీసి చుట్టి అతడి చేతికిచ్చాను. అప్పటికే ఆలస్యమైంది. అతడి అన్న రత్నం చర్చికి వస్తూ దానిని చూడనే చూశాడు. సోమవారం ల్యాబ్ తెరవగానే కౌంటరు ముందుకు వచ్చాడు.

"మా తమ్ముని ఫొటోలు కావాలె. నెగటివులు గూడ."

"రశీదు?"

"సొంత అన్నను. నాకు రశీదేంది?"

"రశీదు తెచ్చినవారికే ఫొటోల కవరు ఇస్తాము. మీ నాన్నగారు వచ్చినా ఇదే మాట."

"గట్లయితే ఆ ఊరేగింపేందో నోటితోనన్న చెప్పుండ్రి."

"ఇక్కడ కడిగిన ఫిల్ముల గురించి మేము ఎవరితోనూ మాట్లాడము."

రత్నం కౌంటరు మీద చరిచి వెళ్లిపోయాడు. నియమం పాటించానన్న తృప్తితో నేను కుర్చీలో కూర్చున్నాను. యంత్రం దగ్గరనుంచి యాదగిరి తల ఎత్తకుండానే అన్నాడు: "మంచి రూలే సార్. మరి శనివారం యాడికి పోయిండె గీ రూలు?"

ఊరేగింపు సంగతి విన్నప్పటికంటె ఆ మాటకే ఎక్కువ నిర్ఘాంతపోయాను. కవరు ఇవ్వడానికి అన్ననే రశీదు అడిగిన నేను, ఆ ముఖాన్ని ఊరందరికీ ఏ రశీదూ లేకుండా చూపించాను.

బుధవారం ప్రభాకర్ కవరు కోసం వచ్చాడు. ఇంటికి రావద్దన్నారట, నాంపల్లి స్టేషను వెనుక కిరాయి గదిలో ఉంటున్నాడట. క్వయర్‌లోకి ఇక రాలేదు. నేను క్షమాపణ కోరాను. "మీరు చూడలేదు సార్, నాకు తెల్సు," అన్నాడు. ఓదార్పుగా అన్న ఆ మాట నా తప్పుకు పెట్టిన పేరులా వినిపించింది.

ఆ ఊరేగింపును గురించిన నా అభిప్రాయం ఆ వారంలోనే మారిపోయిందని రాస్తే అది అబద్ధమవుతుంది. మారినది నా పని. సంతకం లేనిదే ఏ ముఖమూ షోకేసు ఎక్కరాదని రాసి గోడకు అంటించాను. చూడకపోవడం మర్యాద కాదనీ, ఎవరి ముఖమో చూసి, ఆ తరువాత మౌనంగా ఉండడమే మర్యాద అనీ ఆలస్యంగా నేర్చుకున్నాను.

మరుసటి ఏడు జూలైలో ప్రభాకర్ మళ్లీ ఒక రోలు తెచ్చాడు. అదే వీధి, అవే గొడుగులు, అదే రిబ్బను. అందరూ ముఖాలతోనే ఉన్నారు. అతడొక్కడు మాత్రం రెండు కన్నాలు పొడిచిన అట్టముసుగు కట్టుకున్నాడు. అంతకు ముందటి ఏడు అతడికి ముసుగు లేదు.

యాదగిరి అతడి ఫొటో ఒకటి తెచ్చి తెల్లని దీపం కింద పెట్టాడు. అందులో ముసుగు, రిబ్బను, పక్కవాడి చీర అంచు తప్ప మరేమీ లేవు.

"దీనికి రంగెట్ల చూడాలె సార్? ముఖమే లేదాయె."

చాలాసేపు చూశాను. ఫొటో అడుగున అతడి చేయి ఉంది. అది మరొక చేతిని పట్టుకొని ఉంది.

"చేతులు చూసి సరిచెయ్యి," అన్నాను.