కొండ తలగుడ్డ

మా అత్తగారు పొద్దున్నే లేచి దేవుడి పటం కంటే ముందు కొండ ముఖం చూసేవారు. గోపాలపట్నంలో మా డాబా ఎక్కితే సింహాచలం కొండ వరుస ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తుంది. కొండ నెత్తిన మబ్బు చుట్టుకుని ఉంటే "కొండ తలగుడ్డ కట్టీసింది" అని కిందికి కేకేసేవారు. అంటే ఆ రోజు తాండ్ర చాప ఎండలో పెట్టకూడదని అర్థం.

మామిడి తాండ్ర ఆవిడ ప్రాణం. పుట్టింది భీమిలి దగ్గర పల్లె. ఏటా ఎండలు ముదరగానే పూర్ణా మార్కెట్ నుంచి పండ్లు తెప్పించి, రసం పిండి, బెల్లం కలిపి, చాప మీద పలచగా పూసేవారు. అది ఎండాక మళ్ళీ ఒక పూత, దాని మీద మరో పూత. అలా ఎన్నో పూతలు పడితే గానీ తాండ్ర అవదు. మధ్యలో ఒక్క జల్లు పడిందంటే ఇన్నాళ్ళ కష్టం గంగపాలే. అందుకే ఆవిడకు రేడియో కంటే కొండ మీద గురి ఎక్కువ.

నేను గోదావరి వాళ్ళమ్మాయిని. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను బడిలో ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను. నాలుగు ముక్కలు చదివినవాళ్ళకు ఉండే పొగరు నాకు మరో నాలుగు ముక్కలు ఎక్కువే. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు డాబా మీద ఆవిడకు పాఠం మొదలుపెట్టాను.

"సముద్రం మీంచి వచ్చే తడి గాలికి కొండ అడ్డం వస్తుందండీ అత్తయ్యగారూ. పక్కకు పోలేక అది పైకెక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి చుక్కలవుతుంది. ఆ చుక్కలే మనకు కనిపించే మబ్బు."

ఆవిడ రసం చేతులతోనే అంతా శ్రద్ధగా విన్నారు.

"గాలికి కొండెక్కితే సెమట పట్టింది. అంతే కదేటే? దీనికింత సదువేల?"

నాకు ఒళ్ళు మండింది. కానీ అంతకంటే తేలికగా నేనూ చెప్పలేను. ఇప్పటికీ బడిలో ఆ పాఠం ఆ మాటతోనే చెబుతాను. ఆవిడ పేరు మాత్రం చెప్పను.

ఆ తర్వాత మా పొద్దులు అలాగే గడిచాయి. ఆవిడ చాప పరుస్తుంటే నేను కాఫీ గ్లాసు పట్టుకుని పిట్టగోడ మీద కూర్చునేదాన్ని. మబ్బులన్నింటికీ ఆవిడ పేర్లు పెట్టారు. నెత్తిన చుట్టుకుంటే తలగుడ్డ. నడుముకు అడ్డంగా ఉంటే మొలగుడ్డ. ఒక కొస జారి సముద్రం వైపు సాగితే పైట. కొన్నిసార్లు మబ్బు కొండ కింది నుంచి లేచి, చెట్ల మధ్య ఆగి ఆగి, ఏదో మరిచిపోయి వెనక్కి వెళ్ళినట్టు వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చేది. అది చూస్తూ కూర్చుంటే ఏ పనీ గుర్తొచ్చేది కాదు. కింద హైవే మీద లారీల హారన్లు కూడా ఎక్కడో వేరే ఊళ్ళో మోగినట్టుండేవి. కాఫీ చల్లారిపోయేది. బడికి ఆలస్యమయ్యేది. నా జీవితంలో అంత సుఖంగా ఆలస్యమైన రోజులు మళ్ళీ లేవు.

రెండేళ్ళ కిందట వేసవిలో ఆ పొద్దులు చెడిపోయాయి.

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది. కొండ మీద చెట్టూ చెట్టూ లెక్కపెట్టొచ్చు. ఆవిడ మాత్రం రోజూ ఒకటే మాట. "తలగుడ్డ కట్టీసింది. సాప తియ్యి." నేను చాప పరుస్తాను, ఆవిడ లోపలికి లాగించేస్తారు. సరిగ్గా ఎండక తాండ్ర పులిసింది. రెండు చాపలు పారబోశాం. ఆవిడకేమో పంతమనీ, వయసుతో వచ్చిన చాదస్తమనీ నేను తేల్చేశాను. మా ఆయన "అమ్మతో నీకెందుకు" అని తప్పుకున్నారు.

ఒకరోజు నాకు సహనం పోయింది.

"మీ కొండకు జలుబు చేసినట్టుందండీ అత్తయ్యగారూ. తలగుడ్డ విప్పడమే లేదు!"

పక్క డాబా వాళ్ళు పకపకా నవ్వారు. ఆవిడ చాప అంచు తడుముకుంటూ చుట్టేశారు. 'తడుముకుంటూ' అన్న మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ రోజు అది నా కంటికి ఆనలేదు.

మే నెల చివర ఒక ఆదివారం, సాయంత్రం ఐదు కావస్తోంది. అరకు వైపు నుంచి వేడి పడమటి గాలి వీస్తోంది. తీగ మీది బట్టలు ఎగిరిపోతుంటే పట్టుకోవడానికి డాబా ఎక్కి, బట్టల సంగతే మరిచిపోయాను. కొండకు కాస్త పైన, అట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, నున్నగా, అంచులు చెక్కినట్టు ఒక మబ్బు నిలబడి ఉంది. చుట్టూ మరో మబ్బు ముక్క లేదు. నేను పుస్తకంలో బొమ్మ చూసి పిల్లలకు చెప్పడమే గానీ, అలాంటిది కళ్ళతో చూడడం అదే మొదలు.

డాబాలన్నీ నిండిపోయాయి. అందరి చేతుల్లో ఫోన్లు.

"ఏటి బావా అది? మనోళ్ళ ఇమానమేనా?" పక్క డాబా ఆయన అరిచాడు.

"పై లోకపోళ్ళ బండి బావా! దిగితే ఆటో మాట్లాడాల!" ఆ పక్కాయన జవాబు.

నేను పరుగున వెళ్ళి అత్తగారిని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. పోట్లాటలన్నీ మరిచిపోయి గబగబా చెప్పాను. ఇంత గాలి తోస్తున్నా అది కదలడం లేదండీ. గాలి కొండల మీంచి దూకి, సముద్రపు అలలా లేచి పడుతోంది. లేచిన చోట చల్లబడి మబ్బవుతుంది, దిగిన చోట వేడెక్కి కరిగిపోతుంది. ఈ కొసన పుడుతుంది, ఆ కొసన పోతుంది. లోపలి నీరు మారిపోతూనే ఉంటుంది, మబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

ఆవిడ కొండ వైపు తల తిప్పారు.

"ఏల ఇంత గోల? రోజూ ఉన్నదే కదే."

నేను నవ్వబోయాను. ఆగి ఆవిడ కళ్ళ వైపు చూశాను.

"రోజూనా? ఎప్పటినుంచండీ?"

"శివరాత్రి కాడి నుంచి. ఒక్క రోజు తియ్యనేదు."

"కొండ మీదేనా?"

"కొండ మీదా ఉంది. గోడ మీదా ఉంది." ఆవిడ నా వైపు తిరిగారు. "నీ మొకం మీదా ఉందే. సెప్తే కసురుతావని సెప్పనేదు."

తీగ మీంచి చీర ఒకటి జారి గాలికి పోయింది. దాన్ని ఎవరు పట్టుకున్నారో తెలియదు.

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎడమ కంటికి ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. కుడి కంటిలో శుక్లం చాటున నీటికాసులు, అదే గ్లకోమా, ఉన్నాయట. నరం దెబ్బతింది, ఇక లాభం లేదు. "మూడు నెలల ముందు తీసుకొచ్చుంటే చూసేవాళ్ళం" అన్నారు డాక్టరు గారు. నేను బయటికొచ్చి వరండా మూల నిలబడి ఏడ్చాను. మూడు నెలలుగా ఆ మనిషి రోజూ పొద్దున్నే, తేట తెలుగులో, నాకు మబ్బుందని చెబుతూనే ఉంది. నేను కొండ వైపు చూశాను గానీ ఆవిడ వైపు చూడలేదు. జలుబు మాట అన్నది ఈ నోరే.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు మెట్లెక్కొద్దన్నారు. అప్పుడు రోజూ నేనే డాబా ఎక్కి చూసొచ్చి, మంచం దగ్గర కూర్చుని చెప్పేదాన్ని. ఇవాళ మొలగుడ్డండీ. ఇవాళ పైట. ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు. "ఎటేపు జారింది?" అని మాత్రం అడిగేవారు.

జూలైలో ఒక పొద్దున్న ఆవిడ మళ్ళీ డాబా ఎక్కారు. నల్లద్దాలు తీసి చాలాసేపు కొండను చూశారు.

"ఆ మెట్టకాడ సెట్టు కొట్టీసినారేటే?" అన్నారు. నిజమే, కొట్టేసి నెలయింది.

తర్వాత అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నారు.

"ఇటేపు మాత్రం అలాగే నిల్చుందే. ఎంత గాలి తోసినా కదలని మబ్బుంటాదని నువ్వే సెప్పినావు కదా. అదీ ఇది."

నిష్ఠూరం లేదు. నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పారు.

ఆవిడ చెయ్యి తీసి, ఒంటి కంటితో మళ్ళీ కొండ వైపు చూశారు.

"తలగుడ్డ కట్టీసింది. బట్టలు తీసీ."

నేనూ చూశాను. కొండ నెత్తిన పీచుముక్కంత తెలుపు, అంతే. మా మీద ఎండ పెళ్ళున కాస్తోంది. పాత అలవాటు కదా, ఇంత ఎండలో వానేమిటండీ అని నాలుక చివరి దాకా వచ్చింది.

మింగేసి తీగ దగ్గరికి వెళ్ళాను. రెండో చీర తీసేలోపే చినుకులు పడ్డాయి.