సోనుంబు రొట్టె కొరికి వెళ్ళినవాళ్ళు

కొండల నడుమ ఉన్న అట్‌బాషి ఊరి బజారులో రొట్టెలు కాల్చేవాళ్ళు నలుగురున్నారు. మామూలు రోజుల్లో ఎవరి తందూరు ముందు జనం తక్కువుంటే వాళ్ళ దగ్గర కొనుక్కుంటారు. కాని కొడుకు సైన్యానికి బయల్దేరుతున్నాడంటే మాత్రం తల్లులు సోనుంబు దగ్గరికే వస్తారు. గడప దాటే ముందు కుర్రాడు రొట్టెను ఒక్కసారి కొరుకుతాడు. మిగిలినదాన్ని తల్లి గుడ్డసంచిలో వేసి కొట్టుగదిలో వేలాడదీస్తుంది. తిరిగొచ్చాక వాడు దాన్ని టీలో నానబెట్టుకునైనా పూర్తిగా తినాలి. తినాల్సిన రొట్టె ఇంట్లో ఎదురుచూస్తుంటే మనిషి వెనక్కి రాక తప్పదని వాళ్ళ నమ్మకం.

పద్నాలుగేళ్ళలో పదకొండుమంది సోనుంబు రొట్టె కొరికి వెళ్ళారు. పదకొండుమందీ తిరిగొచ్చారు. మొదట పోస్టుమాను కొడుకు, తర్వాత కసాయివాళ్ళ కవలలు. అలా పేరు పాకింది. "సోనుంబు చెయ్యి మంచిది" అన్నారు. సోనుంబు అవుననలేదు, కాదనలేదు.

ఆమెకు యాభై ఏడేళ్ళు. తందూరు సెగకు కనుబొమలు ఏనాడో మాడిపోయాయి. చేతికి మోచేతి దాకా పాత ఊలు మేజోడు తొడుక్కుని, పిండి ముద్ద వీపున ఉప్పునీళ్ళు చిలకరించి, నడుం దాకా తందూరులోకి వంగి గోడకు చరుస్తుంది. పెళ్ళయి వేరే లోయ నుంచి ఈ ఊరొచ్చింది. భర్త పోయాడు, కూతురు అత్తారింట్లో ఉంది. పుట్టింటి సంగతులు ఆమె చెప్పదు, ఎవరూ అడగలేదు.

పదకొండోవాడు పొరుగింటి గుల్‌సైరా కొడుకు సీమిక్. సైన్యంలో ఏడాది తప్పనిసరి సేవ పూర్తిచేసి, దాచిన రొట్టె వెన్న రాసుకుని తినేశాడు. ఇప్పుడు ఇరవై ఏళ్ళు. రెండో వాయి రొట్టెలు అయిపోయిన ఒక మధ్యాహ్నం వచ్చి పిండిబస్తా మీద కూర్చున్నాడు.

"అత్తా, ఎల్లుండికి ఒక పెద్ద రొట్టె కావాలి. నువ్వులు దట్టంగా చల్లు."

"ఏం, పిల్లని చూశారా?"

"నన్నెవరు చేసుకుంటారు? మా గొర్రెలే నా మాట వినవు. మళ్ళీ సైన్యంలోకే, మూడేళ్ళ కాంట్రాక్టుకి సంతకం పెడుతున్నా. దక్షిణపు సరిహద్దు."

సోనుంబు చేతిలోని రొట్టెల కొక్కెం కింద పెట్టింది. కిందటి వసంతంలో ఆ సరిహద్దులో కాల్పులు జరిగి, పైవీధి కుర్రాడొకడు ఒంటిచేత్తో తిరిగొచ్చాడు.

"మీ అమ్మేమంది?"

"ఏడ్చింది. సోనుంబత్త రొట్టె ఉందిగా, పదకొండుకి పదకొండు అన్నాను. ముక్కు తుడుచుకుని, అయితే వెళ్ళు అంది."

"నీకు భయం లేదూ?"

"ఎందుకు భయం? మొన్న ఆఫీసరు కాంట్రాక్టుకి పేర్లిచ్చిన మమ్మల్ని నిలబెట్టి, కొండమీది గస్తీకి ఎవరు పేరిస్తారని అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. నేనే చెయ్యెత్తా. పాపం వాళ్ళకి నీ రొట్టె లేదుగా!" అని పకపకా నవ్వాడు.

సోనుంబుకు నవ్వు రాలేదు. వాడు ఎత్తిన చేతిని తనే పట్టుకుని పైకి లేపినట్టు అనిపించింది. తందూరు మీద మూత పెట్టింది.

"ఇంటికి రా. ఒకటి చూపించాలి" అంది.

ఏదో తినడానికి పెడుతుందనుకుని వాడు హుషారుగా వెంట నడిచాడు. ఆమె కొట్టుగదిలోకి తీసుకెళ్ళి, ఎండిన ఆప్రికాట్ల మూటల వెనక నుంచి ఒక గుడ్డసంచి దించింది. లోపల నల్లబడి గుర్రపు డెక్కలా గట్టిపడిన రొట్టె ఉంది. అంచున ఒక చోట పళ్ళ గుర్తులు.

"ఎవరిది?" అన్నాడు సీమిక్.

"మా అన్నది. కదిర్‌కుల్ అని. నేనే కాల్చాను. నాకప్పుడు పదహారేళ్ళు. అన్న వెళ్తున్నాడని ఆ రోజు అమ్మ మొదటిసారి తందూరు నాకప్పజెప్పింది."

"ఎక్కడికెళ్ళాడు?"

"అఫ్గానిస్తాన్ యుద్ధానికి."

"వచ్చాడా?"

"జింకు రేకు శవపెట్టెలో వచ్చాడు. తెరవొద్దన్నారు."

సీమిక్ రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ళ గుర్తుల మీద వేలు పెట్టబోయి మానుకున్నాడు.

"అయితే పదకొండుకి పదకొండు కాదన్నమాట."

"కాదు. ఇదే మొదటిది. దీన్ని వదిలేసి లెక్కేశారు."

"లెక్కేస్తుంటే నువ్వు వింటూ కూర్చున్నావ్. మాకెందుకు చెప్పలేదు?"

"మొదట్లో ఎవరూ అడగలేదు. తర్వాత... నా చెయ్యి మంచిదంటుంటే వినబుద్ధయ్యేది. అన్న పోయాక మా అమ్మ మళ్ళీ నా చేతి రొట్టె ముట్టలేదురా. చచ్చేదాకా."

"మా అమ్మ ఆ ఏడాదంతా నీ రొట్టె తడుముకుని నిద్రపోయింది, అత్తా!"

"తెలుసు. నువ్వు అక్కడ గోదాములో బూట్లు లెక్కపెట్టావు, అందుకని వచ్చావు. నా రొట్టె ఏం చేసింది? ఎలుకలు ముట్టనంత గట్టిపడింది, అంతే."

వాడి పెదవి నవ్వబోయి ఆగిపోయింది. "అయితే వెళ్ళొద్దంటావ్."

"అనడానికి నేనెవర్ని? మా అన్నని ఎవరూ అడగలేదు, తీసుకుపోయారు. నిన్ను అడుగుతున్నారు. జవాబు నువ్వు చెప్పు, నా రొట్టె చేత చెప్పించకు. గస్తీకి చెయ్యెత్తేటప్పుడు దీన్ని తలుచుకుని కూడా ఎత్తగలిగితే ఎత్తు. లేదంటే దించెయ్యి. దించితే ఎవరో నవ్వుతారు. నవ్వనీ."

సీమిక్ రొట్టెను తనే సంచిలో పెట్టి ముడేశాడు. వెళ్తానని చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు బజారు నిండుగా ఉన్నప్పుడు గుల్‌సైరా వచ్చింది. తలగుడ్డ భుజం మీదికి జారిపోయినా పట్టించుకోలేదు.

"ఏం నూరిపోశావే నా కొడుక్కి? నిన్నటి నుంచి ముద్ద ముట్టడు. అడిగితే సోనుంబత్తనే అడగమంటాడు."

రొట్టెల కోసం వచ్చిన ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది నిలబడి ఉన్నారు. సోనుంబు చేతులకున్న పిండి దులుపుకుంది. నిన్న కొట్టుగదిలో చెప్పినదే, ఇంకా తక్కువ మాటల్లో, అందరూ వింటుండగా చెప్పింది. వచ్చే నెల కొడుకుని పంపబోతున్న ఒకామె మెల్లిగా పక్కకు తప్పుకుని, వీధి చివరి రోషంగుల్ తందూరు వైపు నడిచింది.

గుల్‌సైరా బల్ల మీద కూలబడింది. "ఈ మాట కిందటేడు ఎక్కడ దాచుకున్నావ్?"

"తప్పే."

"తప్పేనంటే సరిపోయిందా? వాడు ఆగట్లేదు తల్లీ, వెళ్తానంటున్నాడు. గుండె నిబ్బరంతో వెళ్ళేవాడు ఇప్పుడు వణుకుతూ వెళ్తాడు. నువ్వు చేసిన మేలు ఇదేనా?"

సోనుంబు తలొంచుకుంది. అది మేలో కాదో ఆమెకు నిజంగానే తెలియలేదు. ఆ రోజు సగం రొట్టెలు అమ్ముడుపోలేదు.

బయల్దేరే రోజు రానే వచ్చింది. బస్సులాగే చోటు తందూరుకు ఎదురుగానే. గుల్‌సైరా రోషంగుల్ దగ్గర తెచ్చిన రొట్టెను పట్టుకుంటే, సీమిక్, తల్లి మాట కాదనలేక, అంచున కొరికాడు. తర్వాత రోడ్డు దాటి ఇటు వచ్చాడు.

"ఒక రొట్టె ఇవ్వత్తా. మామూలుది."

సోనుంబు వేడిది తీసి ఇచ్చింది. వాడు తుంచుకుంటూ, ఊదుకుంటూ, అక్కడే నిలబడి మొత్తం తినేశాడు.

"నిన్న ఆఫీసరుకి ఫోన్ చేశా. గస్తీలోంచి నా పేరు తీసెయ్యమన్నా. ఏం, మీ అమ్మ వద్దందా అన్నాడు. లేదు సార్, నాకే భయమేసిందన్నా. చాలాసేపు నవ్వాడు."

"తీసేశాడా?"

"చూస్తానన్నాడు. వంటశాలకైతే సరేనా అన్నాడు."

"సంతకం?"

"ఇంకా పెట్టలేదు. బస్సులో ఆలోచించుకుంటా." మూతి తుడుచుకుని ఆమె కళ్ళలోకి చూశాడు. "నీ మీద కోపం పోలేదు."

"ఉండనీ" అంది సోనుంబు. "అక్కడ మళ్ళీ చెయ్యెత్తమంటే వెంటనే ఎత్తకు. ముందు పక్కవాళ్ళ మొహాలు చూడు."

డ్రైవరు హారన్ కొట్టాడు. వాడు పరుగెత్తి ఎక్కేశాడు.

ఆ సాయంత్రం బస్సు తిరిగొచ్చినప్పుడు సోనుంబు పని ఆపి, దిగేవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. రోడ్డు అవతల గుల్‌సైరా కూడా నిలబడి ఉంది. ఇద్దరూ పలకరించుకోలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు గుల్‌సైరా రోడ్డు దాటి వచ్చి తందూరు పక్కన నిలబడింది.

"ఫోన్ చేశాడు" అంది ఎటో చూస్తూ. "సంతకం పెట్టేశాడట. వంటశాలలో వేశారట, ఆరు నెల్లదాకా."

"తర్వాత?"

"తర్వాత ఎక్కడో వాడికీ తెలీదట."

సోనుంబు బల్ల మీద పిండి తుడిచి చోటిచ్చింది. గుల్‌సైరా కూర్చోలేదు, వెళ్ళిపోనూ లేదు.