గుప్పిట్లో ఉప్పు

మొన్న శుక్రవారం సాయంత్రం దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని మా అమ్మాయి ఇంట్లో, మనవరాలిని గుమ్మం దగ్గర తూర్పుముఖంగా నిలబెట్టి, గుప్పెడు రాళ్ళుప్పూ రెండు ఎండుమిరపకాయలూ చేతిలో పట్టుకుని దిష్టి తీయబోతే, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అన్నంతవరకూ నోరు బాగానే తిరిగింది గాని, ఆ తర్వాతి మాట దగ్గర చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిల్ల తలెత్తి నా మొహంలోకి చూసింది. వంటింట్లోంచి మా అమ్మాయి, మర్చిపోయావా అమ్మా అని నవ్వింది. అరవై దాటాక కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోతున్నాను, పొయ్యి మీద పాలు మర్చిపోతున్నాను గాని, ఆ మాట మర్చిపోయే అదృష్టం మాత్రం నాకింకా పట్టలేదు.

ఇరవై ఏడేళ్ళ కిందటి సంగతి. అప్పుడు మేము అల్ ముంతజాలో, పార్కుకి రెండు వీధుల ఇవతల, లిఫ్టు లేని మూడంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, నేను ఒక ఇండియన్ స్కూల్లో మూడో తరగతి టీచర్ని. ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉద్యోగమూ కాపురమూ రెండూ లాక్కొచ్చిన ఆడవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండున్నర ఎండలో స్కూలు బస్సు దిగి, పిల్లను చూసుకునే మలయాళీ ఆవిడ ఇంటికెళ్ళి, నిద్రపోతున్న రెండేళ్ళ పిల్లని ఒక భుజాన వేసుకుని, దిద్దాల్సిన నోటుపుస్తకాల కట్ట ఇంకో చంకలో ఇరికించుకుని బిల్డింగు మెట్ల దగ్గరికి చేరేసరికి ప్రాణం కళ్ళలోకి వచ్చేది.

అక్కడ మా నాతూరు ఎదురొచ్చేవాడు. నాతూరంటే బిల్డింగు కాపలా మనిషి, అందరి నీళ్ళూ చెత్తా తాళాలూ చూసుకునేవాడు. సూడాన్ దేశస్థుడు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు, మెట్ల కింద గది. పిల్లని నా భుజం మీంచి నిద్ర చెదరకుండా అందుకుని రెండంతస్తులూ ఎక్కి మా గుమ్మం దాకా తెచ్చేవాడు. అతనికీ మా పిల్ల ఈడు కూతురు ఉందట, పుట్టిన నలభయ్యో రోజున చూసి వచ్చాడట, అంతే. వాళ్ళ పద్ధతి ప్రకారం నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, మా పిల్ల పేరుకి ముందు ఉమ్ అని చేర్చి, అంటే ఫలానా పిల్ల తల్లీ అని పిలిచేవాడు. నన్ను అలా పిలిచిన మనిషి ఈ దేశంలో అతనొక్కడే. వినడానికి బాగుండేది.

మరి నేనేం చేసేదాన్నో చెప్పాలి. చెప్పాలంటే ముందు నా ఒంటి రంగు సంగతి చెప్పాలి. మా అమ్మ నన్ను చామనచాయ అని చెప్పుకునేది గాని, నేను నలుపే. తణుకులో చిన్నప్పుడు సున్నిపిండితో ఒళ్ళు మంటెత్తేదాకా రుద్దించుకున్నదాన్ని, రెండు పెళ్ళిచూపులు రంగు పేరుతో తప్పిపోతే గదిలో తలుపేసుకుని ఏడ్చినదాన్ని. అటువంటి నా కడుపున మా ఆయన పోలికతో పచ్చగా పిల్ల పుడితే, దొరికిన నిధిని ఎవరెత్తుకుపోతారో అన్నట్టు నాకు రోజూ భయమే. మంటెత్తిన ఒళ్ళు గుర్తుంటే మనిషికి దయ పెరగాలి గదా, నాకేమో భయం పెరిగింది. అందుకని అతను పిల్లని అప్పగించి మెట్లు దిగుతూండగానే, గుమ్మంలో నిలబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నల్ల నాతూరు దిష్టి అని పైకే అనేదాన్ని. ఉప్పు కుళాయి కింద కరిగించి, మిరపకాయలు గ్యాసు మీద వేసేదాన్ని, ఘాటు రాకపోతే చూశావా ఎంత దిష్టి ఉందో అనుకునేదాన్ని. ఆ మూడో మాట మా అత్తగారు నేర్పారని చెప్పుకుంటే నాకు హాయిగా ఉండేది గాని, పాపం ఆవిడ దోహా గడప తొక్కనే లేదు. అది నా సొంత తెలివే.

విచిత్రం ఏమిటంటే, నేను అలా తిప్పుతున్నంతసేపూ అతను మెట్ల మలుపులో ఆగి, పూజ జరుగుతున్నచోట నిలబడ్డట్టు తల వంచుకుని నిలబడేవాడు. దిష్టంటే ఏమిటో తెలియక కాదు. వాళ్ళ ఊళ్ళోనూ కన్ను తగలడం ఉందట, వాళ్ళమ్మ నిప్పుల మీద సాంబ్రాణిలాంటిది వేసి పిల్లల చుట్టూ పొగ తిప్పేదట. లోకం కళ్ళ నుంచి పిల్లని కాపాడుకుంటున్నానని అతనికి తెలుసు. ఆ లోకంలో తనొకడున్నాడని మాత్రం తెలియదు. మధ్యలో నాతూరన్న మాట చెవిన పడినా, తనూ ఇంటి మనిషి లెక్కలో ఉన్నాననుకున్నాడు. నాకు తెలుగు ఉంది, అతనికి లేదు, ఆ ధైర్యంతోనే నేను గొంతు తగ్గించకుండా అనేదాన్ని.

ఒకరోజు బ్యాంకులో నా ముందున్న కౌంటరు మనిషి, నా వెనక వచ్చిన ఇద్దరు తెల్లవాళ్ళని ముందు పిలిచి, నన్ను చేత్తో పక్కకి జరగమన్నాడు. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుని, మనుషులనుకుంటున్నారా వీళ్ళు మనల్ని అని సాయంత్రమంతా రుసరుసలాడాను. ఆ సాయంత్రమే తలుపు చప్పుడైంది. నాతూరు. చేతులు కడుక్కుని వచ్చినట్టున్నాడు, ఇంకా తడిగా ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టిన ఫోటో ఒకటి తీసి చూపించాడు. పసుపు గౌను, రెండు జడలు, నల్లగా నిగనిగలాడే పిల్ల, కెమెరాని చూసి బెదిరినట్టుంది. పిల్లకి తరచూ జ్వరం వస్తోందని ఉత్తరం వచ్చిందట. వచ్చీరాని హిందీలో అడిగాడు, మా పిల్లకి తిప్పినట్టే ఈ ఫోటో చుట్టూ కూడా ఉప్పు తిప్పి, ఆ మాటలు చదవమని.

బ్యాంకు హడావుడిలో మధ్యాహ్నం తిప్పలేదు, అప్పుడే పిల్లకి తిప్పబోతూ తలుపు తీశాను. గుప్పిట్లో ఉప్పు ఉంది. ఇంట్లో ఉప్పు అయిపోయింది, నమక్ ఖతమ్ అన్నాను. చెయ్యి వెనక్కి పెట్టుకునే అన్నాను. అతను పర్వాలేదన్నట్టు తలూపి, ఫోటో మళ్ళీ కవర్లో పెట్టుకుని దిగిపోయాడు. తలుపేసి చూసుకుంటే ఉప్పు చెమటకి సగం కరిగి అరచేతికి అంటుకుపోయి ఉంది.

అంతటితో పోతే బాగుండేది. నేను తిప్పలేదు గనక తనే తిప్పుకుందామని, అతను ఆ మాటలు నేర్పమని మూడో అంతస్తు వాళ్ళ కారు డ్రైవర్ని అడిగాడు. ఆ డ్రైవరు జగిత్యాల వైపు మనిషి, రోజూ మెట్లెక్కుతూ నా దిష్టి మంత్రం విన్నవాడే. రెండు రోజుల తర్వాత నన్ను మెట్ల దగ్గర ఆపి తల గోక్కుంటూ చెప్పాడు.

"నేనేం జేసిన అక్కా? ఆయన బిడ్డ ఫోటోకు ఆయనే దిష్టి తీసుకుంటడట, మాటలు నేర్పుమన్నడు. నువ్వు రోజు అనేటియే గద, ఒక్కొక్కటి ఇందీల జెప్పిన. నల్ల నాతూరు కాడికి రాంగనే ఆయన సప్పుడు జేస్తలేడు. నేనేమన్న కలిపి జెప్పిన్నా అక్కా?"

కలపలేదు. ఒక్క మాట కూడా కలపలేదు.

ఆ మధ్యాహ్నం కూడా నాతూరు మెట్ల దగ్గరికి ఎదురొచ్చాడు. కాని పిల్లని అందుకోలేదు, నా చంకలోని నోటుపుస్తకాల కట్ట అందుకున్నాడు. మేడమ్ అన్నాడు. పిల్లకి మెలకువ వచ్చి, అలవాటు ప్రకారం అతని వైపు రెండు చేతులూ చాచింది. అతను పుస్తకాలు గుమ్మంలో పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అలా ఒకరోజు కాదు, మేము ఆ బిల్డింగులో ఉన్న మిగతా పద్నాలుగు నెలలూ రోజూ అంతే. పుస్తకాలు మోశాడు, గ్యాసు సిలిండరు మోశాడు, పిల్లని మోయలేదు. ఒక్క పరుషమైన మాట లేదు, మొహం తిప్పుకోవడం లేదు. తిట్టినా బాగుండేది.

క్షమించమని అడగాలని అప్పుడే ఉంది నాకు. మా ఆయన, "ఇప్పుడు కొత్తగా వెళ్ళి ఏం చెప్తావే? వాడే ఊరుకున్నాడు, నువ్వెందుకు కెలుకుతావు?" అన్నారు. ఆ మాట నాకు చల్లగా తగిలింది, దాని నీడలోనే ఇన్నేళ్ళూ కూర్చున్నాను. తర్వాత ఇల్లు మారాం. అతన్ని ఈ ఊళ్ళో మూడుసార్లు చూశాను, ఒకసారి కూరగాయల మార్కెట్లో అయితే పుచ్చకాయల గుట్ట చాటుకి నక్కాను కూడా, టీచరమ్మని. క్లాసులో పిల్లలకి మనుషులంతా ఒకటే అని పాఠం చెప్పి, అతను కనపడితే పుచ్చకాయల వెనక దాక్కున్నాను. అతనంటే భయం కాదు. ఆ మూడు మాటలూ అతని ముందు నా నోటితో నేనే మళ్ళీ అనాల్సి వస్తుందని భయం. ఆ బరువు మోసి మోసి అలిసిపోయానండీ, నిజం చెప్పాలంటే, చివరికి నన్ను అతని దగ్గరికి నడిపించింది ధైర్యం కాదు, అలసటే.

ఇంకో నెలన్నరలో మా ఆయన రిటైరై మేము ఈ దేశం వదిలి వెళ్ళిపోతున్నాం. సామాన్లు సర్దుతుంటే, నెరిసిన తలతో ఇంకా ఇక్కడే ఎవరింట్లోనో కారు నడుపుతున్న ఆ పాత డ్రైవరు చూడ్డానికి వచ్చి, మాటల్లో చెప్పాడు.

"ఆయన ఈడనే ఉన్నడక్కా, ఊరి బయట ఉమ్ సలాల్ దిక్కు ఓ తోట జూసుకుంటుండు. నేను శుక్రారం శుక్రారం కూరగాయలకు పోత. నువ్వు గూడ వస్తవా?"

వస్తానని నోట్లోంచి వచ్చేసింది. అలా మొన్న శుక్రవారం మధ్యాహ్నం, మా అమ్మాయినీ మనవరాలినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక్కదాన్నే వెళితే గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేస్తానని నా సంగతి నాకు తెలుసు. మా అమ్మాయికి దారిలో అంతా చెప్పాను.

ఖర్జూరపు చెట్ల కింద అతను, నడుం వంగింది, గడ్డం తెల్లబడింది, పొడుగు మాత్రం అదే. గుర్తుపట్టాడు. రండి అన్నట్టు, అహ్లన్ మేడమ్ అన్నాడు. కుర్చీలు వేసి, మన గోంగూర పువ్వుల్లాంటివి మరిగించిన ఎర్రటి పుల్లటి కషాయం పంచదార వేసి ఇచ్చాడు. ఆ ఫోటోలో పిల్ల పెద్దదైందట, పెళ్ళయిందట, వాళ్ళ దేశంలో యుద్ధం వచ్చి ఇల్లూ వాకిలీ వదిలి పక్క దేశంలో ఒక్క గదిలో ఉంటోందట, దానికీ ఓ పసిపిల్ల. నేను గ్లాసు కింద పెట్టి, నాకొచ్చిన హిందీలో, ఆ మూడు మాటలూ ఒక్కొక్కటీ అన్నాను. అన్నది నేనేనని, నాకు ఎవరూ నేర్పలేదని, తప్పయిపోయిందని అన్నాను. అతను ఒక్కటే అడిగాడు.

"ఉస్ దిన్ ఘర్ మే నమక్ థా, మేడమ్?"

ఆ రోజు ఇంట్లో ఉప్పు ఉందా అని. ఇరవై ఏడేళ్ళూ అతను నల్ల నాతూరనే మాటని కాదు, ఈ ప్రశ్నని మోశాడు. ఉంది, నా గుప్పిట్లోనే ఉంది అన్నాను. అతను తలూపాడు, ఆ రోజు గుమ్మంలో ఊపినట్టే. క్షమించాననలేదు. అనమని అడిగే మొహం నాకు లేదు.

అంతలో కోళ్ళ వెంట పరిగెడుతున్న మనవరాలు అతని కాళ్ళ దగ్గరే బోర్లా పడి ఏడ్చింది. అతను గభాల్న వంగబోయి, ఆగి, రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని నా వైపు చూశాడు. ఆ చూపు చూశాక ఇంక నాకు ఆగలేదు, ఏడ్చేశాను. పిల్లని లేవదీసి, దుమ్ము దులిపి, నా చేతులతోనే అతని వైపు చాపాను. వెంటనే తీసుకోలేదు. కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు తీసుకున్నాడు. పిల్ల అతని గడ్డం పట్టుకుని ఏడుపు ఆపేసింది. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర మా అమ్మాయిని, దాని కూతురి పేరు ముందు ఉమ్ చేర్చి పిలిచి, కొత్తిమీర కట్టలు చేతికిచ్చాడు. నన్ను మాత్రం మేడమ్ అనే అన్నాడు.

అందుకే ఆ సాయంత్రం చెయ్యి ఆగింది. ఇరుగు, పొరుగు అయ్యాక, మూడో మాట వదిలేసి చివరిదానికి వచ్చాను. ఏ ఇంట్లో దిష్టి తీసినా చివర్లో అనేదే, నా దిష్టి అని. వేలసార్లు అన్నానేమో, ఒక్కసారీ వినలేదు. మొన్న విన్నాను.

ఆ అల్ ముంతజా బిల్డింగు ఎప్పుడో పడగొట్టేశారు, ఇప్పుడక్కడ గాజు తలుపుల కట్టడం, లిఫ్టులు ఉన్నాయి. కింద యూనిఫారంలో నిలబడే ఆఫ్రికా కుర్రాడి పేరు పై అంతస్తుల్లో ఎవరికీ తెలియదు, ఎవరి పిల్లనీ ఎవరూ మెట్లెక్కి మోయక్కర్లేదు. మోయనిచ్చిన రోజుల్లో మేము చేసింది ఇది. మా ఆయన సామాన్ల లిస్టు రాస్తూ, వెళ్ళొచ్చావుగా, మనసు కుదుటపడిందా అన్నారు. లేదన్నాను. ఇంకా ఆరు శుక్రవారాలు ఉన్నాయి, మళ్ళీ వెళతాను. అతని ఫోన్లో వాళ్ళ మనవరాలి ఫోటో ఉంటుంది గదా, చూపించమని అడుగుతాను. చూపిస్తే చూపిస్తాడు, లేకపోతే లేదు. ఉప్పు మాత్రం ఇంట్లోంచి పట్టుకెళతాను.