మా ఇంటి వాసన చేప

మా చిన్నప్పుడు పామర్రులో మా ఇంట్లో ఒక ఎండుచేప ఉండేదండీ... తినడానికి కాదు, వాసనకి!

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. డెబ్బైల్లో మాట. మా నాన్న ఎండుచేపల వ్యాపారి. కావిడి వేసుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాడు. భుజం కాయలు కాసిపోయిందని, ఎదురింటి రత్తమ్మ గారి దగ్గర అప్పు చేసి ఒక పాత సైకిల్ కొన్నాడు. ఆవిడకి బియ్యం కొట్టు ఉండేది. మేం కొట్టు మామ్మ అనేవాళ్లం.

అంతే... ఆ రోజు నుంచి మా ఇంట్లో చేప బంద్! బుట్ట నిండా పొడుగాటి సావిడాయ చేపలు, మెత్తళ్లు కళ్లముందే ఉండేవి. ముట్టుకుంటే ఒట్టు. అదంతా అమ్మకానికి. మాకు గంజన్నం, ఉల్లిపాయ, ఉంటే గోంగూర పచ్చడి...

కానీ చేపల వాళ్లింట్లో చేప వాసన రాకపోతే వీధి ఏమనుకుంటుంది? వ్యాపారం దెబ్బతిందనుకుంటుంది. అప్పులవాళ్లు తొందరపడతారు, సరుకిచ్చే వాళ్లు వెనక్కి తగ్గుతారు. అందుకని మా అమ్మ ఒక ఉపాయం చేసింది. ఒక సావిడాయ తీసి పక్కన పెట్టి, రోజూ పొద్దుగూకే వేళకి నిప్పుల మీద అటూ ఇటూ ఆడించేది. కాల్చడం కాదు, ఊరికే చూపించడం! వీధంతా ఘుమఘుమ... తర్వాత దాన్ని మళ్లీ ఉట్టిలో పెట్టేసేది.

మేం ఆ వాసనతోనే అన్నం తినేవాళ్లం. అందులోనూ నాకూ మా చెల్లెలు చిట్టికీ పంపకాలు! తల వైపు వాసన నాది, తోక వైపు దానిది. "ఇవాళ పులుసు కాస్త ఉప్పైంది" అనేవాడు నాన్న, గంజి జుర్రుకుంటూ. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ చేప ఎప్పుడు తింటామని అడిగితే మాత్రం ఒకటే జవాబు... బాకీ తీరిన రోజున.

ఇప్పటికీ నాకు ఆశ్చర్యమేనండీ... కడుపు నిండని ఆ రోజుల్లో అంత నవ్వు ఎక్కడి నుంచి వచ్చేదో!

బాకీ మాత్రం కదల్లేదు. కోతలైతే గాని పల్లెల్లో జనం చేతిలో గింజలుండవు. గింజలు లేకపోతే చేపలెవరు కొంటారు? నాన్న గడువు మీద గడువు అడిగాడు. సైకిల్ తీసుకెళ్లి తన అరుగు మీద పెట్టుకుంటానని రత్తమ్మ గారు కబురు పెట్టింది. అది పోతే మళ్లీ కావిడే. నాన్న ఆ రోజు నుంచి రాత్రిళ్లు సైకిల్‌ని మంచం కోడుకి కట్టుకుని పడుకునేవాడు పాపం.

ఒక సాయంత్రం మేం కంచాల ముందు కూర్చున్నాం. రత్తమ్మ గారు సరాసరి లోపలికి వచ్చేసింది.

"రోజూ మీ ఇంట్లో చేప కాల్తానే ఉంటది. నా బాకీ కాడికొచ్చేతలికి మాత్రం సరుకు పోలేదంటాడు మీ ఆయన. నాకు ముక్కు లేదనుకున్నావా అమ్మాయ్?"

అమ్మ తల దించుకుంది. నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా చిట్టి మాత్రం తాపీగా చెప్పింది.

"అది తినే చేప కాదు మామ్మా. వాసన చేప."

రత్తమ్మ గారు మా కంచాల్లోకి చూసింది. ఉట్టి దగ్గరకి వెళ్లి ఆ చేపని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నల్లగా, కొయ్యలా ఉంది. దాన్ని మళ్లీ ఉట్టిలో పెట్టేసి, కొట్టుకి వస్తే నూకలిస్తానంది.

"వద్దు పిన్నిగారూ. అదింకో బాకీ అవుద్ది" అంది అమ్మ.

ఆవిడ పీట లాక్కుని మా పక్కన కూర్చుని, తనకీ కంచం పెట్టమంది. గంజన్నం, ఉల్లిపాయ... ఆఖరి మెతుకు దాకా తినేసి చెయ్యి కడుక్కుంది.

"మీ ఇంటన్నం తిన్నాక ఇంక సైకిల్ ఎట్టా పట్టుకుపోతానే? కోతలయ్యాకే కట్టమను మీ ఆయన్ని."

అందుకే తిన్నదండీ మహాతల్లి! ఆ సంగతి నాకు ఎంత పెద్దయ్యాక అర్థమైందో!

కోతలయ్యాయి. బాకీ తీరింది. ఆ రోజు అమ్మ మంచి చేపలతో వంకాయ వేసి పులుసు పెట్టింది. రత్తమ్మ గారిని పిలిస్తే, ముందు ఆ వాసన చేప ముక్క పెట్టమంది! తలా ఇంత తుంచుకున్నాం. రుచీ పచీ లేదు, ఒట్టి పొగ. ఇంత చెత్త చేప పుట్టాక తినలేదని ఆవిడ నవ్వితే, మా నాన్న నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

మా అమ్మ ముసలితనంలో ఒకసారి అడిగాను, ఆ రోజుల్లో సిగ్గేసేదా అని. "సిగ్గెందుకురా? ఆకలేసేది" అంది.

ఇదంతా ఇవాళ ఎందుకంటే... మా అమ్మాయి, అల్లుడు బెజవాడలో కొనుక్కున్న ఫ్లాట్ మీద బ్యాంకు లోను నిన్నటితో తీరిపోయిందండీ! నా సంతోషం పట్టనలవి కావడం లేదు! అప్పుడు చెప్పింది మా బంగారుతల్లి... ఇన్నేళ్లూ బెంజ్ సర్కిల్ దగ్గర బిర్యానీ హోటల్ ముందు కాసేపు నిలబడి, వాసన చూసి, నవ్వుకుంటూ ఇంటికెళ్లి పప్పన్నం తినేవాళ్లట. నాకు ఒక్క ముక్క తెలియనివ్వలేదు.

అప్పిచ్చిన వాళ్ల మొహం ఎలా ఉంటుందో మా అమ్మాయికి తెలియదు. గడువు దాటితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. వంటింటి వాసనలు చిమ్నీలో పడి పైకి పోతాయి, ఎదురింటి దాకా రావు. పీట లాక్కుని, తనకీ కంచం పెట్టమనే మామ్మ కూడా రాదు...

మీ ఇంట్లో బాకీ తీరుతున్న రోజుల్లో ఏ వాసన వచ్చేదండీ? తెలుసుకోవాలని ఉంది... చెప్పరూ!