చుక్కతో మొదలయ్యే ఫైలు

మా అక్క కళ్ళద్దాల కార్ఖానాలో పనిచేసేది. అద్దాలు అరగదీసే యంత్రాలకు కొలతలు పంపే ప్రోగ్రాం ఆవిడ రాసిందే. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెరమీద ఒక కమాండ్, పక్కన ఆర్డరు నంబరు టైపు చేస్తే యంత్రం కదులుతుంది. పని సవ్యంగా జరిగితే తెరమీద ఒక్క అక్షరం కూడా పడదు.

"తప్పు జరిగితేనే నోరు తెరవాలి. లేకపోతే ఊరుకోవాలి. మీ బావలాగా అన్నమాట" అనేది.

"నాకు తెరిచే అవకాశం ఎప్పుడిచ్చావు?" అనేవాడు బావ, పేపరు దించకుండానే.

పక్క సీట్లో కూర్చునే ఆవిడను అందరూ చిలక అని పిలిచేవాళ్ళు, మాట ఆగదు కనుక. ఆవిడ అక్కను "వదినా" అనేది. "నాకున్నది ఒక్క చెల్లెలు. ఏ తమ్ముణ్ణి చేసుకున్నావని నేను నీకు వదిననే?" అని అక్క అడిగితే, "ఉంటే చేసుకునేదాన్నే. మీ అమ్మే నాకు అన్యాయం చేసింది" అని దబాయించేది. మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకే క్యారేజీ. చిలక పురిటికి ఆసుపత్రిలో చేరినప్పుడు పక్కన కూర్చున్నది అక్కే. చిలక వాళ్ళత్తగారు ఇంట్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చుందట.

అందరికీ ఒకే సెట్టింగులు ఇబ్బందిగా ఉన్నాయని గోల పెట్టింది కూడా చిలకే. అక్క ఆలోచించి ఒక పద్ధతి పెట్టింది. ప్రోగ్రాం మొదట కార్ఖానా మొత్తానికి ఉన్న ఉమ్మడి సెట్టింగుల ఫైలు చదువుతుంది. తరవాత, పనిచేస్తున్న మనిషి సొంత ఫోల్డరులో అలాంటి ఫైలు ఇంకోటి ఉంటే దాన్నీ చదువుతుంది. రెండింటికీ తేడా వస్తే రెండోదే చెల్లుతుంది. సొంత ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి, ప్రత్యేకంగా అడిగితే తప్ప ఫోల్డరులో కనిపించదు.

నాకర్థం కాలేదంటే ఇలా చెప్పింది: "ఇంటికి పెద్దాయన కూరలో కారం ఇంత అని చెప్తాడు. చివరికి గరిటె పట్టుకున్నవాళ్ళు వేసిందే కారం. అంతే."

ఆ రోజుల్లో ఒక బడి పిల్లల కోసం పెద్ద ఆర్డరు వచ్చింది. పిల్లల అద్దం నడిమి మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఉమ్మడి ఫైల్లో ఉంది. ఆ ఆర్డరు నడిపింది చిలక. కళ్ళద్దాలు వెళ్ళిన కొన్నాళ్ళకే ఫిర్యాదులు మొదలయ్యాయి. బంతి తగిలితే చాలు, అద్దాలు పగిలిపోతున్నాయి. ఒక పిల్లకు కనుబొమ్మ మీద తెగింది. వెనక్కి వచ్చిన అద్దాలు కొలిస్తే అన్నీ పలచనే. యజమాని మర్నాడు అందరినీ రమ్మన్నాడు. తప్పు ప్రోగ్రాందే అని తేలితే, దాంతోపాటు అక్క కూడా బయటికి వెళ్ళాల్సిందే.

మీటింగు రోజు పొద్దున్నే అక్క చిలకను పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ ఫోల్డరులో దాగిన ఫైళ్ళు చూపించే కమాండ్ కొట్టింది. కనిపించింది. తెరిస్తే ఒకటే వాక్యం: నడిమి మందం 1.2. అంతకుముందెప్పుడో ఎవరో పెద్దావిడ అద్దాలు తేలిగ్గా ఉండాలని పట్టుబడితే చిలక పెట్టుకున్నది. తీసెయ్యడం మరిచిపోయింది.

"వదినా, నా ఉద్యోగం పోతుంది" అని చిలక ఏడ్చింది.

"పోదు. నువ్వే చెప్పు. మరిచిపోయానని చెప్పు. ఏ ఫైలు చదివిందో పైకి చెప్పకపోవడం నా ప్రోగ్రాం లోపమని నేనూ చెప్తాను. ఇద్దరం పంచుకుందాం."

"నీ మీద ఒట్టు, చెప్తాను."

అక్క ఆ ఫైలును ముట్టుకోలేదు, నకలు తీసుకోలేదు. "ఫోటో అయినా తీసుకోవద్దా అక్కా?" అని తరవాత నేను కోప్పడ్డాను. "అది ఏడుస్తుంటే ఫోను బయటికి తియ్యమంటావా?" అంది.

మీటింగులో యజమాని అడిగాడు. చిలక తలెత్తలేదు. చివరికి అక్కే అంది: "చిలకా, నీ ఫోల్డరులో ఉన్న ఫైలు సంగతి చెప్పు."

"ఏ ఫైలు వదినా? నాకవన్నీ ఏం తెలుసు? నువ్వు చెప్పిన కమాండే కొడతాను."

అక్క లేచి వెళ్ళి అందరి ముందూ పొద్దున కొట్టిన కమాండే కొట్టింది. ఫోల్డరు ఖాళీ. పొద్దుటికీ మీటింగుకీ మధ్య చిలక ఒక్కసారే సీటుకు వెళ్ళింది, మంచినీళ్ళ సీసా తెచ్చుకుంటానని. వచ్చేటప్పుడు అక్కకూ ఒక గ్లాసు తెచ్చింది. అక్క తాగింది కూడా.

"ప్రోగ్రాం రాసింది మీరు కదమ్మా" అన్నాడు యజమాని.

ఇంటికొచ్చి బావతో, నాతో ఇదంతా ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు. వేరేచోట ఉద్యోగం దొరికింది. అక్కడ ఆవిడ రాసిన ప్రతి ప్రోగ్రామూ పని మొదలుపెట్టే ముందు తాను ఏ ఫైలు చదివిందో, ఏది వెతికితే దొరకలేదో వరసగా చెప్పుకునేది. "మీ ప్రోగ్రాం హాజరు పిలుస్తోందండీ" అని అక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు. అక్కా నవ్వేది. కానీ మధ్యాహ్నం తన క్యారేజీ తను ఒక్కతే తినేదట. ఆ సంగతి, అక్క పోయాక చూడటానికి వచ్చిన ఆ ఆఫీసువాళ్ళు చెప్పారు.

చిలక కూడా వచ్చింది. ఇప్పుడు ఆ కార్ఖానాలో అక్క పనిచేసిన విభాగానికి ఆవిడే పెద్ద. ఫోటో ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నా మనసు కూడా కరిగింది. ఎంతైనా ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళు కదా అనుకున్నాను. కాఫీ ఇచ్చాను. బావ లోపలికి వెళ్ళేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"అక్క నా గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పిందామ్మా? ఆ ఫైలు సంగతీ అదీ..."

"చెప్పింది. అంతా చెప్పింది."

నా చెయ్యి వదిలేసి, లోపలి గది వైపు ఒకసారి చూసింది. క్షమించమంటుందని ఎదురుచూశాను.

"నీ ఒక్కదానికేనా?" అని అడిగింది.