పావలా తగ్గించిన మామ్మ

మా మామ్మ కనకమహాలక్ష్మికి శాతాలంటే గిట్టదు. చోడవరంలో పుట్టి, గోవాడ ఫ్యాక్టరీకి ఏళ్ల తరబడి చెరకు తోలిన మనిషి. ఆవిడకి వడ్డీ అంటే రూపాయల్లోనే. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకి రూపాయి. నెలకి అని వేరే చెప్పక్కర్లేదు, మా పేటలో అందరి లెక్కా నెలకే. వేలి కణుపుల మీద బొటనవేలు పరుగెడుతుంది, జవాబు వచ్చేస్తుంది. అందుకే మా వీధి పొదుపు సంఘానికి ఆవిడే లీడరు. ఆవిడ ఒక సంతకం పెట్టేలోపు నేను టీ కాచి తెచ్చేస్తాను, అది వేరే సంగతి.

ఆ మధ్య బ్యాంకు నుంచి ఫోనుకి మెసేజి వచ్చింది. ఇంటరు సగంలో మానేసినా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కనక చదివి పెట్టాను. సంఘం అప్పు మీద వడ్డీ పాతిక బేసిస్ పాయింట్లు తగ్గిందట.

"పాయింటంటే ఏటే రోజా?"

"ఒక శాతాన్ని నూరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క, మామ్మా."

బొటనవేలు కదిలింది. "శాతమంటే నూటికి రూపాయి. రూపాయిలో నూరో ముక్క పైసా. పాతిక పాయింట్లంటే పావలా. ఈపాటి దానికి అంత పేరెందుకే?"

లెక్క సరిగ్గా అంతే మరి.

సాయంత్రం పక్కింటి దేముడమ్మ అరుగు మీద సంఘం కూర్చోగానే మామ్మ చెప్పేసింది. "పావలా తగ్గించేను." బ్యాంకు తగ్గించిందని మాత్రం అనలేదు. "లచ్చకి నెలకి రెండొందల యాబై మిగుల్తాది. నా లెక్క తప్పయితే లీడరు పని ఒగ్గీస్తాను."

నెల తిరిగింది. సంఘం అప్పులో లక్ష వాటా ఉన్న దేముడమ్మకి వడ్డీ తగ్గింది ఇరవై రూపాయలు. పొద్దున్నే మా గుమ్మంలో నిలబడింది.

"వదినా, సాయంత్రం కొత్త లీడర్ని ఎన్నుకుందుమా?"

మామ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "నీ సదువు తగలెయ్యా, తప్పు సెప్పేవే."

"నేను సరిగ్గానే సెప్పేను. బేంకోళ్ల శాతం ఏడాదికి. నువ్వు నెలకి ఏసీసుకున్నావు. ఆ పావలాని పన్నెండు నెలలకి పంచు."

నాలుగు వేళ్లకి పన్నెండు కణుపులు. బొటనవేలు ఒక్కో నెలా దాటుకుంటూ వెళ్లి చివరి కణుపు మీద ఆగిపోయింది.

"రెండు పైసలేనా?" అంది, బ్యాంకు ఆవిడ చేతిలో చిల్లర తక్కువ పెట్టినట్టు.

సాయంత్రం అరుగు మీద మామ్మ దాచకుండా చెప్పింది. "పైసలు కరస్టే. నెలలు తప్పు. బేంకోడు ఏడాదికి సెప్తే మనం పన్నెండుతో పంచుకోవాల. లీడరు పని ఎవులు సేస్తారో సెయ్యండి."

ఎవరూ కదల్లేదు. లీడరైతే నెలనెలా బ్యాంకులో లైన్లో నిలబడాలి.

"నువ్వే ఉండు వదినా," అంది దేముడమ్మ తీయగా. "కానీ పావలా తగ్గించేనన్నావు గదా. బేంకు మాట మనకెందుకు, నువ్వు తగ్గించు. నువ్విచ్చిన అప్పుకి నాకాడ రూపాయిన్నర వడ్డీ తీసుకుంటన్నావు కదా."

అరుగంతా నవ్వు. మామ్మ నావైపు చూసింది. నేను గోడ మీద బల్లిని చూశాను.

"సరే, రూపాయింపావలా ఇయ్యి," అంది మామ్మ. దేముడమ్మ మళ్లీ నోరు తెరవకుండా వెంటనే, "నెలకే. ఏడాదికి కాదు," అంది.

ఇంటికి వస్తూ దారిలో అడిగింది. "నాకెన్ని పాయింట్లు పోయేయే?"

"నెలకి పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. మూడొందల పాయింట్లు మామ్మా."

బొటనవేలు మళ్లీ కణుపుల మీద నడిచింది.

"బేంకోళ్లు పాతిక తగ్గించీసి ఫోన్లన్నిటికీ మెసేజీ పెట్టుకున్నారు. నాది మూడొందలు. సంఘం అందరికీ పెట్టు."